విష్ణుసహస్రనామం పదిమందితో కలిసి చదవాలంటే: పాదం, ఊపిరి, వేగం

శనివారం సాయంత్రం హనుమకొండలోనో కాజీపేటలోనో ఏ కాలనీ వెంకన్న గుడి ముందు నిలబడినా పారాయణం వినిపిస్తుంది. మొదటి పది శ్లోకాలు గుడి దద్దరిల్లేలా సాగుతాయి. నలభై దాటేసరికి మైకు ముందున్న ఒక్కరి గొంతు, పక్కన మరో ఇద్దరివి మిగులుతాయి. మిగతావాళ్లు పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కుంటుంటారు. చివర్లో ‘వనమాలీ గదీ శార్ఙ్గీ’ రాగానే అందరికీ మళ్లీ గొంతు వస్తుంది. ఇది భక్తి తక్కువై జరిగేది కాదు. పాదం ఎక్కడ విరుగుతుందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియకముందే వేగం అందుకోవడం వల్ల జరుగుతుంది. ఈ రెండూ సరిచేసుకుంటే సంస్కృతం రానివాళ్లు కూడా మూడు నెలల్లో ఆగకుండా చదవగలరు.

చదివేది ఎంత, ఎంతసేపు

మహాభారతంలోని ఆనుశాసనిక పర్వంలో అంపశయ్య మీదున్న భీష్ముణ్ణి ధర్మరాజు ఆరు ప్రశ్నలు అడుగుతాడు. ‘కిమేకం దైవతం లోకే’ అని మొదలయ్యేవి అవే. వాటికి జవాబుగా వచ్చిందే ఈ స్తోత్రం. పుస్తకంలో ఇది మూడు భాగాలుగా ఉంటుంది. ‘శుక్లాంబరధరం’ నుంచి ధ్యాన శ్లోకాల దాకా పూర్వపీఠిక. ‘విశ్వం విష్ణుః’ నుంచి ‘సర్వప్రహరణాయుధః’ వరకు 107 శ్లోకాల్లో వెయ్యి నామాలు, దాని మీద 108వదిగా ‘వనమాలీ’. ఆ తర్వాత ‘ఇతీదం కీర్తనీయస్య’ నుంచి ఫలశ్రుతి, అంటే ఉత్తరపీఠిక.

గుంపుగా చదివేటప్పుడు ఒక్కో శ్లోకానికి 10 నుంచి 12 సెకన్లు సరైన నడక. ఆ లెక్కన నామాల భాగం 18 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ముందూ వెనకా పీఠికలు కలిపితే మొత్తం 32 నుంచి 36 నిమిషాలు. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయిందంటే అక్షరాలు మింగేశారనే అర్థం. తీరిక లేని రోజున పూర్వపీఠికను కుదించి, ధ్యాన శ్లోకాలు, నామాలు, ఫలశ్రుతి చివరి నాలుగైదు శ్లోకాలు చదువుకోవచ్చు. నామాలను మాత్రం పరుగెత్తించకండి.

ఇది ఇతిహాసంలోని స్తోత్రం. వేదమంత్రాలకున్నట్టు గొంతు ఎత్తి, దించి పలికే ఉదాత్త అనుదాత్త స్వరాలు దీనికి లేవు. పురుషసూక్తం గురుముఖంగా స్వరంతో నేర్చుకోవాల్సిందే కానీ, సహస్రనామానికి అక్షరశుద్ధి చాలు. ఎవరు చదవొచ్చు అనే వాదన కూడా గుళ్లో అప్పుడప్పుడు లేస్తుంటుంది. ఫలశ్రుతే నాలుగు వర్ణాల పేర్లూ చెప్పి అందరికీ ఫలం చెప్పింది. ‘య ఇదం శృణుయాన్నిత్యం’ అని వినేవాళ్లను కూడా కలుపుకుంది. చదువు రాని పెద్దమ్మ వెనక కూర్చుని వింటే ఆమె కూడా పారాయణంలో ఉన్నట్టే.

అందరి చేతిలో ఒకే పుస్తకం

ఇల్లిల్లు తిరిగి తెచ్చిన పుస్తకాలతో కూర్చుంటే పదో శ్లోకానికే గొడవ మొదలవుతుంది. ఒక్కో ప్రచురణలో ఒక్కో పాఠభేదం ఉంటుంది, శ్లోకాల అంకెలు ఒకటీ అరా అటూఇటూ అవుతాయి, పూర్వపీఠిక ఒకదాంట్లో పొడుగు, ఇంకోదాంట్లో పొట్టి. అందుకే ఒకే ముద్రణ ప్రతులు మందిని బట్టి కొని గుళ్లోనే ఉంచండి. పెద్దవాళ్ల కోసం పెద్దక్షరాల ప్రతులు నాలుగైదు అదనంగా ఉండాలి. ఫోన్లో చూసి చదివేవాళ్లకు మధ్యలో కాల్ వస్తుంది, తెర ఆరిపోతుంది, వాళ్లతోపాటు పక్కవాళ్లూ ఆగుతారు.

పుస్తకం కొనేముందు నాలుగో శ్లోకం తెరిచి చూడండి. కొన్ని తెలుగు ముద్రణల్లో పాదాన్ని ఇలా విరుస్తారు:

సర్వః శర్వః శివః స్థాణు
ర్భూతాదిర్నిధిరవ్యయః

రెండో వరుస ‘ర్భూ’తో మొదలవడం చూసి కొత్తవాళ్లు తడబడతారు. ఆ ర్ ముందు మాటది. స్థాణుః, భూతాదిః, నిధిః, అవ్యయః అని నామాలు. ఇలాంటి పుస్తకమే దొరికితే పెన్సిల్‌తో ‘స్థాణుర్’ అని పై వరుసకు కలిపి రాసుకోండి. మొత్తం పుస్తకాన్ని అలా సరిచేయడానికి ఇద్దరికి ఒక పూట పడుతుంది. తర్వాత ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఎనిమిది అక్షరాల లెక్క

ఇదంతా అనుష్టుప్ ఛందస్సు. పాదానికి 8 అక్షరాలు, నాలుగు పాదాలకు 32. ఒత్తు అక్షరాన్ని, పొల్లును వేరుగా లెక్కపెట్టకూడదు. అచ్చు పలికిన చోటల్లా ఒక అక్షరం:

వి – శ్వం – వి – ష్ణు(ర్) – వ – షట్ – కా – రో
భూ – త – భ – వ్య – భ – వత్ – ప్ర – భుః

మొదటి వారం వేళ్ల మీద ఇలా లెక్కపెడుతూ చదివించండి. దాదాపు ప్రతి పాదంలో ఐదో అక్షరం లఘువు (పొట్టిగా పలికేది), ఆరోది గురువు (దీర్ఘమో, పొల్లుతోనో ఒత్తు ముందో ఉండి నిలిపి పలికేదో). ఏడోది మొదటి, మూడో పాదాల్లో గురువు, రెండు, నాలుగు పాదాల్లో లఘువు. పై పాదాల్లో చూడండి: ‘వ’ లఘువు, ‘షట్’ గురువు, ‘కా’ గురువు. కింద ‘భ’ లఘువు, ‘వత్’ గురువు, ‘ప్ర’ లఘువు. సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు. నాలుగు వారాలు లెక్కతో చదివితే చెవికే పట్టుబడుతుంది. ఎవరైనా ఒక దీర్ఘం మింగితే నడక కుంటుపడినట్టు వెంటనే తెలుస్తుంది.

లెక్క తప్పే చోటు ఒకటి ముందే చెప్పాలి. 92వ శ్లోకంలో ‘అపరాజితః సర్వసహో’ అన్న పాదానికి తొమ్మిది అక్షరాలున్నాయి. ఎన్నేళ్లుగా చదివే గుంపైనా అక్కడ ఒక్క క్షణం చెదురుతుంది. మొదటి రెండు లఘువులు ‘అప’ను గబుక్కున ఒక్క అక్షరమంత కాలంలో పలికి ‘రా’ మీద నిలబడితే నడక సర్దుకుంటుంది. దీన్ని ఒక్కరోజు పది సార్లు అందరితో పలికిస్తే మళ్లీ ఇబ్బంది రాదు.

ధ్యాన శ్లోకాల నడక వేరు. ‘శాంతాకారం భుజగశయనం పద్మనాభం సురేశం’ మందాక్రాంత వృత్తం: నాలుగు, ఆరు, ఏడు అక్షరాల దగ్గర విరుపు. ‘క్షీరోదన్వత్ప్రదేశే శుచిమణివిలసత్సైకతే మౌక్తికానాం’ స్రగ్ధర: ఏడేసి అక్షరాల చొప్పున మూడు ముక్కలు. ‘క్షీరోదన్వత్ప్రదేశే’, ‘శుచిమణివిలసత్’, ‘సైకతే మౌక్తికానాం’. ఈ విరుపులు పెన్సిల్‌తో గీసుకుంటే అంత పొడుగు పాదమూ ఊపిరికి లొంగుతుంది.

ఊపిరి ఎక్కడ

రెండు పాదాలకు, అంటే 16 అక్షరాలకు ఒక ఊపిరి. పుస్తకంలో ఒక నిలువు గీత ఉన్న చోట చిన్న ఊపిరి, రెండు గీతలున్న చోట నిండు ఊపిరి. ఎవరికి తోచిన చోట వాళ్లు ఆగితే గుంపులో ఎప్పుడూ సగం గొంతులు ఆగి, సగం సాగుతూ ఉంటాయి. వినడానికి గొణుగుడులా ఉంటుంది.

పెద్దవయసు వాళ్లకు, ఆయాసం ఉన్నవాళ్లకు 16 అక్షరాలు ఒక్క బిగిన రావు. వాళ్లు ఎనిమిదో అక్షరం దగ్గర ఆగొచ్చు. ఆగినప్పుడు సంధి విప్పి ఆగాలి. ‘శ్రీమాన్నారాయణో విష్ణుర్వాసుదేవోఽభిరక్షతు’ అన్న చోట ఆగదలిస్తే ‘విష్ణుః’ అని ఆపి ‘వాసుదేవో’ అని ఎత్తుకోవాలి. ‘విష్ణుర్’ అని వేలాడదీసి ఊపిరి తీసుకోకూడదు. 88వ శ్లోకంలో ‘న్యగ్రోధోదుంబరోఽశ్వత్థశ్చాణూరాంధ్రనిషూదనః’ కూడా అంతే. ఆగితే ‘అశ్వత్థః’, తర్వాత ‘చాణూరాంధ్రనిషూదనః’. మర్రి, మేడి, రావి చెట్ల పేర్లు మూడూ ఈ ఒక్క పాదంలో ఉన్నాయని చెప్పి చదివిస్తే నాలుక తిరగనివాళ్లకూ మాటలు విడివిడిగా కనిపిస్తాయి.

అక్షరాలు: తప్పులు దొర్లే చోట్లు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. మనకు రోజూ మాట్లాడేటప్పుడు ఒత్తులు అంతగా పలకవు, శ కాస్తా ష లోకో స లోకో జారుతుంది. ఇంటి మాటల్లో అదేం తప్పు కాదు. ఇక్కడ మాత్రం నామమే మారిపోతుంది.

నాలుగో శ్లోకం మొదటి పాదం చూడండి: సర్వః, శర్వః, శివః, స్థాణుః. నాలుగూ వేర్వేరు నామాలు. ‘సర్వః సర్వః’ అని చదివితే ఒక నామం రెండుసార్లు వచ్చి ఇంకోటి ఎగిరిపోతుంది. స కు నాలుక కొన పై పళ్ల వెనక, శ కు నాలుక మధ్యభాగం అంగుడి దగ్గరికి, ష కు కొన పైకి మడిచి. ‘స–శ–ష’ అని మెల్లగా అయిదుసార్లు అనిపించి, తర్వాత ఈ పాదం చదివించండి. అన్నట్టు, ఇందులో శర్వ, శివ, స్థాణు మూడూ శివుడి పేర్లుగా మనకు తెలిసినవే. 94వ శ్లోకంలో రవి, సూర్య, సవిత వస్తాయి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడిలో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలున్న ఊళ్లో ఈ నామాలు ఎవరికీ కొత్తగా అనిపించవు.

ద, ధ ల కోసం 92వ శ్లోకాన్ని మించిన పాఠం లేదు: ‘ధనుర్ధరో ధనుర్వేదో దండో దమయితా దమః’. మూడు ‘ధ’లు ముందు, ఆ తర్వాత నాలుగు ‘ద’లు. అరచేతి వెనక భాగం నోటికి దగ్గరగా పెట్టుకుని చదవమనండి. ‘ధ’ పలికినప్పుడు గాలి తగలాలి, ‘ద’కు తగలకూడదు. రెండింటికీ తగలకపోతే ఒత్తు పోయింది. రెండింటికీ తగిలితే జాగ్రత్త ఎక్కువై అన్నిటికీ ఒత్తు పెట్టేస్తున్నారు. ఇది కూడా తరచుగా చూసే తప్పే, ‘ధామోధర’ అనేది ఇందులోంచే పుడుతుంది. 23వ శ్లోకంలో ‘గురుర్గురుతమో ధామ’కు ఒత్తు ఉంది, 40వ శ్లోకంలో ‘హేతుర్దామోదరః’కు లేదు.

హ్రస్వ దీర్ఘాలకు 71వ శ్లోకం: ‘బ్రహ్మణ్యో బ్రహ్మకృద్బ్రహ్మా బ్రహ్మ బ్రహ్మవివర్ధనః’. ‘బ్రహ్మా’ ఒక నామం, పక్కనే ‘బ్రహ్మ’ ఇంకో నామం. దీర్ఘం లాగకపోతే రెండూ ఒకటైపోతాయి. పైగా పాదం చివర దీర్ఘం కాబట్టి అక్కడ కాస్త నిలవాలి.

ఏకాక్షర నామాలు 78వ శ్లోకంలో వరుసగా వస్తాయి: ‘ఏకో నైకః సవః కః కిం యత్తత్పదమనుత్తమమ్’. కః, కిం, యత్, తత్ – నాలుగూ విడివిడి నామాలే. ఏదో ప్రశ్నవాక్యం అనుకుని కలిపి మింగేయకండి.

అవగ్రహ (ఽ) గుర్తు ఉన్న చోట మరో అక్షరం పలకనక్కర్లేదు కానీ అక్కడ ఒక ‘అ’ దాగి ఉందని తెలిసుండాలి. ‘పద్మనాభోఽమరప్రభుః’లో నామం అమరప్రభుః. ‘క్షేత్రజ్ఞోఽక్షర ఏవ చ’లో అక్షరః. గుర్తు లేకుండా అచ్చేసిన పుస్తకంలో ‘మరప్రభుః’ అనే నామం ఉందనుకునే ప్రమాదం ఉంది.

విసర్గతో వచ్చే చిక్కు గుంపులోనే బయటపడుతుంది. పాదం చివర ‘ప్రభుః’ని ‘ప్రభుహు’ అని, ‘భావనః’ని ‘భావనహ’ అని తేలిగ్గా వదలడం మన ఆనవాయితీ, బాగానే ఉంటుంది. అదే పాదం మధ్యలో ‘అవ్యయహ పురుషహ సాక్షీ’ అని నిండు ‘హ’లు పెడితే ఎనిమిది అక్షరాలు పది అవుతాయి, వెనకబడిపోతారు. మధ్యలో విసర్గకు ఒక చిన్న ఊదు చాలు.

‘జ్ఞ’ని మనవాళ్లు ‘గ్న్య’ అంటారు, ‘హ్మ’ని ‘మ్హ’ అంటారు. తెలుగునాట పండితులూ అలాగే పలుకుతారు కాబట్టి దీని మీద తగువు పెట్టుకుని సమయం పోగొట్టుకోకండి.

కూర్చోవడం, నడిపించడం

నడిపించేవాళ్లు ఒక్కరే ఉండాలి. మంచి గొంతు ఉన్నవాళ్లకంటే ఊపిరి నిలకడ, ఒకే వేగం ఉన్నవాళ్లు మేలు. వాళ్లకు కుడి ఎడమల నడక బాగా తెలిసిన ఇద్దరు, గుంపు మధ్యలో ఒకరు, వెనక వరుసలో ఒకరు. తెలిసినవాళ్లంతా ముందు వరుసలో కూర్చుంటే వెనకవాళ్లకు ఆధారం ఉండదు. మోకాళ్ల నొప్పులవాళ్లకు వెనక గోడ పక్కన కుర్చీలు వేయండి. మధ్యలో లేచి కుర్చీ వెతుక్కునే అవస్థ తప్పుతుంది.

శ్రుతి సంగతి చాలామంది పట్టించుకోరు. ఉత్సాహంతో ఎత్తుకున్న శ్రుతి శ్లోకం శ్లోకానికీ పైకి ఎక్కుతూ పోతుంది. అరవై దాటేసరికి మగవాళ్లకు గొంతు పట్టేస్తుంది. మామూలుగా మాట్లాడే గొంతుకు కొంచెం పైన మొదలుపెట్టండి. ఫోన్లో తంబూరా యాప్ చిన్నగా మోగుతూ ఉంటే శ్రుతి ఎక్కకుండా పట్టి ఉంచుతుంది. చప్పట్లు, తాళాలు నామాలకు వద్దు. తాళం పడగానే వేగం పెరుగుతుంది. హార్మోనియం, డోలక్, చిరుతలు తర్వాత భజనకు దాచుకోండి.

పాదం ఒకరు, పాదం ఒకరు అని రెండు వైపులా పంచుకుని చదివే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. నేర్చుకునే రోజుల్లో ఊపిరి తీసుకోవడానికి అది పనికొస్తుంది. పారాయణం రోజున మాత్రం అందరూ అన్నీ చదవడమే మంచిది. లేకపోతే ఎవరి నోటా వెయ్యి నామాలూ పూర్తికావు.

తప్పిపోయినవాళ్లు మళ్లీ కలవడానికి నాలుగు చోట్లు గుర్తు పెట్టుకోండి. 25వ శ్లోకం ‘ఆవర్తనో నివృత్తాత్మా’, 50వది ‘స్వాపనః స్వవశో వ్యాపీ’, 75వది ‘సద్గతిః సత్కృతిః సత్తా’, 100వది ‘అనంతరూపోఽనంతశ్రీః’. ఆ పేజీలకు రంగు కాగితం అంటించండి. నడిపించేవాళ్లు ఆ శ్లోకాల ముందు ఒక నిండు ఊపిరంతసేపు ఆగాలి. పక్కవాళ్లు పేజీ చూపించేంత వ్యవధి దొరుకుతుంది. మధ్యలో ఎవరైనా తప్పు చదివితే ఆపి దిద్దకండి. అయిపోయాక, ‘అక్కా, నాలుగో శ్లోకంలో రెండోది శర్వః’ అని విడిగా చెబితే నొచ్చుకోరు, వచ్చే వారం మానేయరు.

మైకు ఒక్కటే చాలు, అదీ నడిపించేవాళ్లకే. స్పీకర్లను మైకుకు ముందువైపు, గుంపు వైపు తిప్పి పెట్టాలి, వెనక ఉంటే కూత పెడుతుంది. రాతి మండపంలో, పాలరాయి పరిచిన హాల్లో ప్రతిధ్వని ఎక్కువ. అక్కడ శ్లోకానికి 12 సెకన్ల కంటే తగ్గొద్దు, మైకు ధ్వని తగ్గించండి. ధనుర్మాసంలో పొద్దుగాల ఐదింటికి మొదలుపెట్టే గుళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. ఆ వేళ తలుపులు మూసిన హాలు లోపలి ధ్వనితోనే సరిపెట్టుకోండి. పరీక్షలకు చదువుకునే పిల్లలు ప్రతి వాడలోనూ ఉంటారు.

పన్నెండు వారాల లెక్క

భీష్మ ఏకాదశి, అంటే మాఘ శుద్ధ ఏకాదశి, ఈ స్తోత్రానికి ప్రత్యేకమైన రోజు. కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి అప్పటికి మూడు చాంద్రమాసాలు, పన్నెండు వారాల పైమాటే. వారానికి 9 శ్లోకాల చొప్పున 12 వారాల్లో 108. లెక్క సరిగ్గా కుదురుతుంది.

ప్రతి వారం గంట పెట్టుకోండి. ముందు పది నిమిషాలు పోయిన వారం తొమ్మిది. తర్వాత కొత్త శ్లోకాలు ఒక్కోటి: నడిపించేవాళ్లు పాదం చెబితే అందరూ రెండుసార్లు అనాలి, ఆపై అర్ధశ్లోకం రెండుసార్లు, నిండు శ్లోకం మూడుసార్లు. శ్లోకానికి నాలుగు నిమిషాల చొప్పున 36 నిమిషాలు అవుతుంది. మిగిలిన పది పదిహేను నిమిషాలు చిక్కుపాదాలకు. ఇంట్లో రోజూ ఆ తొమ్మిదీ రెండుసార్లు చదువుకుంటే చాలు. ఏ వారానికావారం నేర్చినంతవరకే పారాయణంలో గొంతు కలపమనండి, మిగతాది వినమనండి. రానిదాన్ని గొణుగుతూ అలవాటైతే ఆ తప్పు తర్వాత వదలదు.

రికార్డింగ్ పెట్టి దాని వెంట చదవడం నేర్చుకునే తొలి రోజుల్లో మంచిదే. గుళ్లో పారాయణానికి మాత్రం వద్దు, అది మీ కోసం ఆగదు.

సమ్మక్క జాతర ఏడాదైతే తేదీ ముందే చూసుకోండి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గర్లోనే పడుతుంది. 2026లో జాతర జనవరి 28 నుంచి 31 వరకు, భీష్మ ఏకాదశి 29న. సగం వాడ జాతరకు పోయాక పెద్ద పారాయణం పెట్టి మంది రాలేదనుకుంటే లాభం లేదు. అలాంటి ఏడాది ఏకాదశి నాడు ఉన్నవాళ్లతో చదువుకుని, పెద్ద కార్యక్రమం జాతర అయిపోయాక వచ్చే శనివారానికి పెట్టుకోండి.

ఆ రోజు వరుస

దీపం, ఆచమనం, సంకల్పం. సంకల్పంలో దేశం చెప్పే చోట పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివేస్తుంటారు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వాళ్లకు ‘కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే’ సరిపోతుంది. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ గోదావరికి ఉత్తరాన ఉన్నాయి, అక్కడ ‘గోదావర్యాః ఉత్తరే తీరే’ అనాలి. ఇక శ్రీశైలం నుంచి దిక్కు చెప్పే మాట అచ్చు పుస్తకంలోంచి కాకుండా మీ గుడి అయ్యగారిని అడిగి రాసుకోండి. పుస్తకం అచ్చయిన ఊరి దిక్కు మన ఊరికి పనికిరాదు.

తర్వాత పూర్వపీఠిక, న్యాసం, ధ్యానం, నామాలు. న్యాసంలో చేతులతో చేసే భాగం తెలియకపోతే మాటలు చదివి నమస్కరించినా చాలు. ‘వనమాలీ’ శ్లోకం మూడుసార్లు. ఫలశ్రుతిలో పార్వతి అడిగిన ‘కేనోపాయేన లఘునా’ తర్వాత వచ్చే ‘శ్రీరామ రామ రామేతి’ కూడా మూడుసార్లు. ‘రమే రామే మనోరమే’లో మొదటి ‘ర’ హ్రస్వం, రెండోది దీర్ఘం. వేగంలో రెండూ ఒకటి కాకుండా చూసుకోండి.

అర్చన కూడా చేస్తే అది వేరే లెక్క. ‘ఓం విష్ణవే నమః’ లాంటి నామావళికి నామానికి 3 సెకన్లు వేసుకున్నా వెయ్యికి 50 నిమిషాలు. శ్లోకం చూస్తూ అప్పటికప్పుడు ‘ఆయ నమః’ తగిలించకండి. విష్ణుః అంటే విష్ణవే, మహాన్ అంటే మహతే, భూతకృత్ అంటే భూతకృతే. అచ్చయిన నామావళి ఎదురుగా ఉండాల్సిందే. విష్ణువుకు అక్షతలతో అర్చన పెద్దలు వద్దంటారు. తులసి ముందురోజు పగలే కోసి తడిగుడ్డలో చుట్టి పెట్టండి. ద్వాదశి నాడు, పొద్దు గూకాక తులసి కోయరు. అందరికీ వెయ్యేసి దళాలు పంచడం అయ్యే పని కాదు, పీఠం దగ్గర ఒక్కరు తులసి వేస్తుంటే మిగతావాళ్లు పూరెక్కలు వేస్తే సరి. నలభైమందికి కిలో చామంతి రెక్కలు విడదీసి పళ్లేల్లో పంచితే పొదుపుగా వాడితే చివరిదాకా వస్తాయి.

ప్రసాదం శనివారమైతే పులిహోరో దద్ధోజనమో. నలభైమందికి దోసెడు చొప్పున రెండు కిలోల బియ్యం చాలు. ఏకాదశి నాడు ఒక్కపొద్దు ఉన్నవాళ్లు అన్నం ముట్టరు కాబట్టి పండ్లు, పల్లీలు బెల్లం పెట్టండి. తొలి ఏకాదశికైతే మన దగ్గర పేలపిండి ఎలాగూ ఉంటుంది.

భజనకు ముందు ‘యదక్షరపదభ్రష్టం మాత్రాహీనం తు యద్భవేత్’ శ్లోకం తప్పకుండా చదవాలి. అక్షరం, పదం, మాత్ర, పైన చెప్పుకున్న తప్పులన్నీ అందులోనే ఉన్నాయి, వాటికి క్షమాపణ అది. చదివాక ఆ రోజు గుంపు చెదిరిన శ్లోకాల అంకెలు నడిపించేవాళ్లు ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోవాలి. వచ్చే వారం దీపం పెట్టకముందు, వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చున్నాక, ఆ శ్లోకాలనే మూడేసి సార్లు మెల్లగా చదివించి తర్వాత మొదలుపెట్టండి.